నాడీ వైవిధ్య శిక్షణ తరగతులు: పాల్గొనేవారికి రక్షణ

హోసూరు, డెంకణికోట, తళి, బాగలూరు, వేపనపల్లి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పిల్లవాడు ఆలస్యంగా మాట్లాడినా, అక్షరాలు తారుమారు చేసినా, ఒకచోట కుదురుగా కూర్చోకపోయినా పూర్వం మొండివాడనో మందమతి అనో ఒక మాట అని ఊరుకొనేవారు. నేడు ఆటిజం, డిస్‌లెక్సియా, ఏడీహెచ్‌డీ అనే పేర్లు పల్లెలకు కూడా చేరినవి. మనుష్యుల మెదళ్లు ఒకే తీరున పనిచేయవనీ, ఆ భేదాన్ని లోపంగా మాత్రమే చూడరాదనీ చెప్పే భావనకు న్యూరోడైవర్సిటీ, అనగా నాడీ వైవిధ్యం అని పేరు. ఈ మాట 1990ల చివరి సంవత్సరాలలో వ్యాప్తిలోకి వచ్చినది.

ఈ విషయంపై తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, కర్మాగారాల పర్యవేక్షకులకు శిక్షణ తరగతులు జరుగుతున్నవి. బెంగళూరు కూతవేటు దూరంలో ఉండుట వలనను, ఫోనులోనే పాఠాలు వినే వీలు కలుగుట వలనను ఇవి సరిహద్దు గ్రామాలకూ అందుబాటులోకి వచ్చినవి. జ్ఞానం పెరుగుట మంచిదే. అయితే అందులో చేరినవారి గౌరవమర్యాదలకు, భద్రతకు ఎవరు పూచీ అన్న ప్రశ్న మిగిలియున్నది.

కోచింగ్ అంటే ఏమిటి?

మన ప్రాంతంలో కోచింగ్ అనగానే నీట్, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల ట్యూషన్లు గుర్తుకు వస్తాయి. ఇక్కడ దాని అర్థం వేరు. ఒక వ్యక్తి తన లక్ష్యాన్ని తానే నిర్ణయించుకొని దానిని చేరేందుకు ప్రశ్నలతో తోడ్పడుట కోచింగ్. అనుభవజ్ఞుడు తన అనుభవాన్ని పంచి దారి చూపుట మెంటరింగ్. ఈ రెండూ వైద్యం కావు. వ్యాధి నిర్ధారణ చేయుటకు గాని, మందు మార్చుటకు గాని, ఆపుటకు గాని కోచ్‌కు అధికారం లేదు.

మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకొనుటకు ప్రత్యేక చట్టబద్ధమైన లైసెన్సు అవసరం లేదు. పునరావాస నిపుణుల విషయం అట్లు కాదు. క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక విద్యా బోధకులు, స్పీచ్ థెరపిస్టులు మొదలగువారు 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదై ఉండవలెను. నమోదు లేకుండా ఆ వృత్తి చేసినచో ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. కనుక శిక్షకుని పేరు వెనుక ఎన్ని అక్షరాలున్నవని గాక, ఆయన నమోదు సంఖ్య ఏమిటని అడుగుట మేలు.

ముప్పు ఎక్కడ ఉన్నది?

మొదటిది, నలుగురిలో చెప్పించుట. ‘మీ బిడ్డ కథ చెప్పండి’ అని శిక్షకుడు అడిగినపుడు తల్లి కాదనలేదు. ఆ గదిలోనే పక్క ఊరివారు, బంధువులు, బిడ్డ చదివే బడి ఉపాధ్యాయులు ఉండవచ్చును. చిన్న ఊళ్లలో ఒక మాట బయటపడితే అది అక్కచెల్లెళ్ల పెండ్లి సంబంధాల దాకా పోతుంది. చెప్పుట, చెప్పకుండుట ఆ కుటుంబం ఇష్టం. పెద్దవాడైన ఆటిజం వ్యక్తి విషయంలో ఆ నిర్ణయం అతనిదే గాని తల్లిదండ్రులది కాదు.

రెండవది, ఫొటోలు, వీడియోలు. పాఠంలో ఉదాహరణగా చూపిన బిడ్డ వీడియో వాట్సాప్‌లో ఒకసారి పోయినదంటే మరల వెనుకకు రాదు.

మూడవది, నయం చేస్తామనే వాగ్దానం. ఆటిజం జీవితాంతం ఉండే స్థితి. శిక్షణతోను, తోడ్పాటుతోను ఎంతో మెరుగు సాధ్యమే గాని, దానిని పూర్తిగా పోగొట్టే మందు గాని ఆహారం గాని లేదు. ఆటిజం ఉన్నవారిలో కొందరికి మూర్ఛ కూడా ఉంటుంది. కోచ్ మాట విని మూర్ఛ మందు హఠాత్తుగా ఆపుట ప్రాణాపాయం.

నాలుగవది, తరగతి గది. పెద్ద మైకు, మిణుకుమిణుకుమనే ట్యూబులైటు, హఠాత్తుగా కొట్టే చప్పట్లు కొందరికి భరింపరాని బాధ. వారు లేచి బయటకు పోయిన అది అవిధేయత కాదు. నిశ్శబ్దంగా కూర్చొనుటకు వేరొక గది, ముందుగా ఇచ్చిన కార్యక్రమ వివరం, విరామం ఇవి పెద్ద ఖర్చు లేని రక్షణలు.

అయిదవది, ఒంటరి సమావేశాలు. మెంటరుకు, నేర్చుకొనేవారికి మధ్య అధికార భేదం ఉంటుంది. ఎదుటివారి మాటలోని అంతరార్థం పట్టలేని వ్యక్తి తనకు జరిగేది తప్పని గుర్తించకపోవచ్చును. మూసిన తలుపుల వెనుక పిల్లలతో ఏకాంత సమావేశం ఉండరాదు.

భాష తెచ్చే చిక్కు

ఈ సరిహద్దు జిల్లాలో ఇంట తెలుగు, బడిలో తమిళం లేక ఆంగ్లం, సంతలో కన్నడం. తమిళ అక్షరాలు తడబడిన ప్రతి తెలుగు బిడ్డకూ డిస్‌లెక్సియా ఉన్నట్లు కాదు. అట్లే నిజమైన కష్టం ఉన్న బిడ్డను ‘భాష రాక’ అని వదిలివేయుటా తగదు. అందువలన బిడ్డ ఇంటి భాష తెలిసినవారు పరీక్షించుట అవసరం. ఒక్కరోజు తరగతి విని వచ్చిన ఉపాధ్యాయుడు బిడ్డకు పేరు పెట్టరాదు. హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలో బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నది. చెన్నై వద్ద ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ 2005 నుండి పనిచేస్తున్నది.

సమ్మతి పత్రం తమిళంలోనో ఆంగ్లంలోనో ఉన్నపుడు తెలుగులో చదివి వినిపించమని కోరవచ్చును. అర్థం కాని కాగితంపై పెట్టిన సంతకం నిజమైన సమ్మతి కాదు.

చట్టాలు ఏమంటున్నవి?

1995 నాటి చట్టం 7 వైకల్యాలనే గుర్తించినది. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను చేర్చినది. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో విడిగా లేదు. అవమానించే ఉద్దేశంతో వికలాంగుని బహిరంగంగా కించపరచినా, బెదిరించినా 92వ సెక్షను క్రింద 6 నెలల నుండి 5 సంవత్సరాల వరకు జైలు, జరిమానా ఉంటాయి. హింస, దోపిడీ జరుగుచున్నదని తెలిసిన ఎవరైనా 7వ సెక్షను క్రింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలుపవచ్చును.

18 సంవత్సరాల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేయుట 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విధి. సంస్థ నిర్వాహకుడు పరువు కోసం దాచిపెట్టినచో ఒక సంవత్సరం వరకు జైలు పడవచ్చును. పని స్థలంలో, వృత్తి శిక్షణ కేంద్రంలో స్త్రీలపై లైంగిక వేధింపులకు 2013 నాటి చట్టం వర్తిస్తుంది. బాధితురాలు ఉద్యోగిని కానవసరం లేదు. ఫిర్యాదుకు గడువు సాధారణంగా 3 నెలలు.

చేరకముందు అడుగవలసినవి

• శిక్షకుని అర్హత, నమోదు సంఖ్య ఏమిటి?
• సొంత విషయం చెప్పకుండానే తరగతిలో కూర్చొనవచ్చునా?
• ఫొటో, రికార్డింగు తీయుదురా? తీసినచో ఎవరి వద్ద, ఎంతకాలం ఉంచుదురు?
• పిల్లలున్న చోట ఇద్దరు పెద్దలు ఉందురా?
• ఫిర్యాదు ఎవరికి చేయవలెను? ఆ వ్యక్తి శిక్షకుడు కాక వేరొకరేనా?
• మధ్యలో మానుకొన్న రుసుము తిరిగి ఇచ్చెదరా?

వీటికి వ్రాతపూర్వకంగా సమాధానం ఇచ్చుటకు వెనుకాడే చోట చేరకుండుట మంచిది.

తప్పు జరిగినపుడు

ముందు బాధితుని మాట నమ్మి వినవలెను. పదిమంది పదిసార్లు అడుగరాదు. తేదీ, స్థలం, మాటలు వ్రాసి ఉంచి, సందేశాలను, రశీదులను భద్రపరచవలెను. పిల్లల విషయంలో 1098, స్త్రీలకు 181, అత్యవసరంలో 112 నంబర్లు ఉన్నవి. మనోవేదనకు టెలిమానస్ 14416లో తెలుగులోను మాట్లాడవచ్చును.

తరగతి బెంగళూరులోనో కుప్పంలోనో జరిగినదని హోసూరు కుటుంబం వెనుకంజ వేయనక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా దగ్గరలోని పోలీసు స్టేషనులో సమాచారం ఇవ్వవచ్చును. రుసుము తీసుకొని మోసగించినచో 2019 నాటి చట్టం క్రింద తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయవచ్చును. వైకల్య ధ్రువపత్రం, సహాయం కొరకు కృష్ణగిరిలోని జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయానికి వెళ్లవలెను. తమిళ బోర్డుపై ‘మాట్రుత్తిఱనాళిగళ్’ అను మాట కనబడితే అదే ఆ కార్యాలయం.

బిడ్డ కొరకు నేర్చుకొనుటకు వెళ్లిన తల్లి, వెళ్లినప్పటికంటె దిగులుతో ఇంటికి తిరిగి వచ్చినచో ఆ శిక్షణ ఎంత పేరున్నదైనా వ్యర్థమే.