రెండు వేలముపాటలు

ఉదయగిరి, ఆత్మకూరు, సంగము ప్రాంతములవారికి పాటయనగా రెండర్థములు తెలియును. ఒకటి గొంతెత్తి పాడునది. రెండవది, సారాయి అమ్ముకొను హక్కునకై గుత్తదారులు పోటీపడి ధర హెచ్చించునది. ఈ రెండవ పాటకు అక్క యొకతె పూర్వము కలకత్తాలో నుండెడిది. అచ్చట పాటకు పెట్టబడినది నల్లమందు. దాని ఫలమనుభవించినవారు చీనావారు. మన యింటి కథ తెలియవలెనన్న ముందా కథ వినవలెను.

చీనావారికి నల్లమందు క్రొత్త వస్తువు గాదు. అరబ్బు వర్తకుల మూలమున వచ్చిన దీనిని వారు అతిసారమునకును నొప్పులకును వేయియేండ్లుగా ఔషధముగ సేవించుచుండిరి. పొగగా పీల్చుట మాత్రము పొగాకు ప్రవేశించిన పిదప కలిగిన యలవాటు. తొలుత పొగాకుతో కలిపి పీల్చిరి. పిమ్మట ఒట్టి నల్లమందునే దీపపుసెగపై కాచి పొడవైన గొట్టముతో పీల్వసాగిరి. పరుండి పీల్చు నీ వేడుకకు తీరికయు సొమ్మును గావలెను. కావున నిది మొదట ధనికుల యిండ్లకును ఉద్యోగుల మేడలకును చేరెను. అతిథికి మనము తాంబూల మిచ్చినట్లు వారు గొట్టమందించిరి. పీల్చినవారెల్లరు చెడిపోయిరని పాతగ్రంథములు చెప్పును గాని, మితముగ పీల్చి తమ పనులు చక్కబెట్టుకొన్నవారు పెక్కుమంది గలరని నేటి చరిత్రకారులు కొందరు చూపియున్నారు. మనలో మందకొడిగ నుండువానిని నల్లమందు తిన్నవాడని పరిహసించుట సులభమే; ఒక జాతినంతటిని ఆ మాటతో కొలుచుట న్యాయము గాదు. అయినను వేడుక మేడలు దిగి పల్లకీలు మోయువారికిని, పడవలు లాగువారికిని, సిపాయిలకును అబ్బినప్పుడు దాని స్వరూపము మారెను. కూలివానికది వేడుక గాదు, ఒడలినొప్పి మరపించు మందు. ఇంటికి జేరవలసిన కూలిడబ్బులు దీపముకడనే కాలిపోయినవి.

చీనా చక్రవర్తులు ఊరకుండిరా? 1729లోనే యుంగ్‌చెంగ్ చక్రవర్తి నల్లమందు అమ్మకమును నిషేధించెను. కాని 1773లో వంగదేశపు నల్లమందుపై కుంపిణీవారు గుత్తహక్కు స్థాపించుకొనిరి. బీహారు, కాశీ ప్రాంతముల రైతులు గసగసాల కాయల పాలను కుంపిణీ కట్టిన వెలకే కుంపిణీకి ఇయ్యవలెను. సరకు పెట్టెలకెక్కి కలకత్తాలో వేలమునకు వచ్చును. పాడుకొన్న వర్తకుడు దానిని కాంటను తీరమున దొంగచాటుగ దింపును. దొంగతనము వర్తకునిది, ఆదాయము కుంపిణీది! 1838 నాటికి చీనాకు బోవు పెట్టెలు ఏటికి 40,000 వరకు పెరిగినవి.

1839లో లిన్ ట్సెషూ అను రాజప్రతినిధి కాంటనునకు వచ్చి 20,000కు పైగా పెట్టెలను పట్టుకొని, సరకును గుంటలలో ఉప్పునీట నానబెట్టి సున్నముతో కలిపి నాశనము చేయించెను. ఫలము యుద్ధము. ఆ యుద్ధమునకు చెన్నపట్టణపు సిపాయిదళములును ఓడలెక్కినవి. ఆ కాలపు చెన్నపట్టణపు సైన్యములో తెలుగువారు పెక్కురుండిరి. 1842 సంధితో హాంకాంగు ఆంగ్లేయులదాయెను. రెండవ యుద్ధకాలమున, 1858లో, నల్లమందు సుంకము చెల్లించు సక్రమ సరకాయెను. పిదప చీనావారును తమ దేశముననే గసగసాలు విరివిగా పండించి పన్ను గొనసాగిరి. ఒక దశలో హిందూదేశపు దొరతనమువారి ఆదాయములో ఇంచుమించు ఏడవవంతు నల్లమందునుండియే వచ్చెను. 1907లో ఎగుమతిని పదియేండ్ల గడువులో క్రమముగ తగ్గించుటకు ఒడంబడిక జరిగెను. తరువాత సేనాధిపతులు మరల పన్నులకై పండించిరి. 1950 మొదలు కొలదియేండ్లలో క్రొత్త ప్రభుత్వము కఠినముగ నణచువరకు ఆ దీపము లారలేదు.

కాంటనులోని యిల్లాలు మగని గొట్టము విరువగలదేమో, కలకత్తాపాటను ఆపలేదు. మన జిల్లా స్త్రీలకు పాట జిల్లా కేంద్రముననే జరిగెను. భేదమంతయు నిచ్చటనే యున్నదని నాకు తోచుచున్నది.

1991-92 నాటికి ఆంధ్రప్రదేశపు ఆబ్కారీ ఆదాయము 800 కోట్ల రూపాయలకు పైబడెను. అప్పుడే నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగుచుండెను. రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనుచు స్త్రీలు తమ కష్టములు చెప్పుకొనగా, ఏ మాటయైనను సారాయికడకే వచ్చి నిలిచెను. కలిగిరి మండలమందలి దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలగువారు కలిసి సారాయి దుకాణము మూయించిరి. ఆ కథయే “ఆడవాళ్ళు ఏకమైతే” అను పాఠమై వాచకమున కెక్కి ఊరూర చదువబడెను. ఒక వాచకపుపాఠము ప్రభుత్వపు ఖజానాను కదల్చుట అరుదుగదా! 1992లో స్త్రీలు గుంపులుగ వచ్చి యడ్డగింపగా సారాయివేలము పలుమారులు వాయిదాపడెను. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో, ఖజానా యోర్వలేదని, అది సడలింపబడెను.

రోశమ్మ 2016లో మరణించెను. 2024లో ఆంధ్రప్రదేశమున మద్యపు దుకాణములు మరల ప్రైవేటువారి కియ్యబడినవి. ఈసారి పాట లేదు, చీట్లు తీసిరి. చీటి తగిలినను తగులకున్నను తిరిగిరాని దరఖాస్తు రుసుము 2 లక్షల రూపాయలు.