టెక్సాస్ ఆయిల్ రాయల్టీ: తాతల నాటి వాటా మీ పేరిట ఉందా? లీజు నడుస్తోందా? ఇలా చెక్ చేసుకోండి

మన దగ్గర భూమి కింద చమురు పడితే అది ప్రభుత్వానిదే. కోనసీమలో ఓఎన్‌జీసీ బావి పడిన పొలం రైతుకు భూమి లీజు డబ్బులు, పంట పరిహారం వస్తాయి కానీ చమురులో వాటా రాదు. అమెరికాలో లెక్క వేరు. టెక్సాస్‌లో భూమి ఒకరిది, దాని కింద ఉన్న ఖనిజ హక్కు ఇంకొకరిది కావచ్చు. స్థలం అమ్మేసినా ఆయిల్, గ్యాస్ హక్కు తమ దగ్గరే ఉంచుకోవచ్చు. అది వారసత్వంగా పిల్లలకు, మనవలకు వస్తుంది. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థలాలు కొన్న మనవాళ్లకూ ఇది తెలియాల్సిన విషయమే.

ఇందులో ప్రశ్నలు రెండు. వాటా ఎవరిది? లీజు ఇంకా నడుస్తోందా? రెండింటికీ జవాబు ఒకేచోట దొరకదు.

వాటా ఎవరిదో ఎక్కడ తెలుస్తుంది?

భూమి ఉన్న కౌంటీ క్లర్క్ ఆఫీసులో. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. తాత, నాయనమ్మల పేర్లతో పాత డీడ్‌లు, లీజులు వెతకాలి. అమ్మకం పత్రంలో ఖనిజ హక్కు మినహాయించారా అన్నది చూడాలి. వీలునామా ప్రొబేట్ అయిందా, వారసత్వ అఫిడవిట్ రికార్డు చేశారా అన్నదీ ముఖ్యమే. ఆ గొలుసులో ఒక్క లింకు తెగినా కంపెనీ చెల్లింపు ఆపేయొచ్చు.

లీజు సంగతి ఎవరు చెబుతారు?

టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్. పేరులో రైలు ఉన్నా ఇప్పుడు ప్రధానంగా చూసేది ఆయిల్, గ్యాస్ వ్యవహారాలు. దాని వెబ్‌సైట్‌లో బావుల మ్యాపు, నెలవారీ ఉత్పత్తి వివరాలు ఉచితంగా చూడొచ్చు. కానీ ఓనర్ల పేర్లు అక్కడ ఉండవు.

లీజుకు మొదట కొన్నేళ్ల గడువు ఉంటుంది, మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు. ఆ తర్వాత లాభసాటిగా ఉత్పత్తి సాగినన్నాళ్లూ లీజు నడుస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు.

* మీ స్థలంలో బావి లేదని లీజు పోయిందనుకోవద్దు. పక్క స్థలాలతో కలిపి యూనిట్ చేస్తే, అక్కడి బావే మీ లీజునూ నిలబెట్టొచ్చు.
* కౌంటీలో రద్దు పత్రం లేదని లీజు నడుస్తోందనుకోవద్దు. గడువు తీరినా కంపెనీలు ఆ పత్రం దాఖలు చేయకపోవచ్చు.
* ఉత్పత్తి సున్నా అని ఉన్నా, గ్యాస్ బావి మూసి ఉంచినందుకు షట్-ఇన్ రాయల్టీ కడుతూ కంపెనీ లీజు కాపాడుకోవచ్చు. ఆ క్లాజు మీ లీజులో ఉందేమో చదవాలి.

మీ వాటా ఎంత?

ఉదాహరణకు 640 ఎకరాల యూనిట్‌లో మీది 10 ఎకరాలు, రాయల్టీ ఐదో వంతు అనుకుందాం. 10ని 640తో భాగించి 0.20తో గుణిస్తే 0.003125. కంపెనీ పంపే డివిజన్ ఆర్డర్‌లో ఈ అంకె సరిపోయిందో లేదో చూశాకే సంతకం పెట్టండి. పాత లీజుల్లో రాయల్టీ ఎక్కువగా ఎనిమిదో వంతే ఉండేది.

పాత డబ్బు ఎక్కడికి పోతుంది?

ఓనర్ దొరక్కపోతే ఆ సొమ్మును కంపెనీ చివరికి రాష్ట్రానికి అప్పగించాలి. టెక్సాస్ కంప్ట్రోలర్ అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ సైట్‌లో పెద్దల పేర్లతో ఉచితంగా వెతకొచ్చు. వారసులమని రుజువు చూపితే క్లెయిమ్ చేసుకోవచ్చు.

తస్మాత్ జాగ్రత్త

అన్ని రాష్ట్రాల్లో ఒకటే రూల్ కాదు. లూసియానాలో అమ్మకంతో భూమి నుంచి విడిపోయిన ఖనిజ హక్కును 10 ఏళ్లు వాడకపోతే పోతుంది. ఒహాయోలో 20 ఏళ్లు కదలిక లేకపోతే, నోటీసు ఇచ్చి భూమి ఓనర్ తన పేరిట తెచ్చుకునే వీలుంది.

ఇంటికి చెక్కుతో పాటు కాగితం వస్తే తొందరపడొద్దు. లీజు ఆఫర్‌లా కనిపించేది నిజానికి హక్కు మొత్తం అమ్మేసే డీడ్ కావచ్చు. ఆ రాష్ట్రంలోని ఆయిల్, గ్యాస్ లాయర్‌కు చూపించాకే సంతకం చేయండి.