గజ్జెలు: ఎంపిక, సంరక్షణ

కూచిపూడి, భరతనాట్యం, కథక్, ఒడిస్సీ నర్తకులు చెప్పులు లేకుండా ఆడతారు. వాళ్ల కాళ్లకు ఉండేవి గజ్జెలే. చీలమండకు కాస్త పైన కట్టుకునే ఇత్తడి లేదా కంచు మువ్వల వరుసలివి. సంస్కృతంలో కింకిణి, హిందీలో ఘుంఘ్రూ, తమిళంలో సలంగై, కన్నడంలో గెజ్జె అంటారు. తెలుగులో ‘గజ్జె కట్టింది’ అంటే నాట్యం చేసిందనే అర్థం.

వీటిని నగల్లో ఒకటిగా చూడటం పరిపాటి. కానీ నర్తకి తానే మోగించే వాద్యం ఇదొక్కటే. మృదంగం, నట్టువాంగం (గురువు మోగించే తాళాలు) మధ్య కాలి మోత విడిగా వినిపిస్తుంది. అడుగు సమంగా పడితే అన్ని మువ్వలూ ఒక్కసారిగా పలుకుతాయి, పాదం తడబడితే ఆఖరి వరుసలో కూర్చున్నవాళ్లకూ తెలిసిపోతుంది. అందుకే గజ్జెలను చెవితో ఎంచుకోవాలి.

నందికేశ్వరుడి ‘అభినయదర్పణం’లో వీటి ప్రస్తావన ఉంది. మువ్వలు కంచువై, చక్కని ధ్వని, చక్కని రూపం కలిగి ఉండాలని, నీలిరంగు దారంతో ముడులు వేసి కట్టాలని, కాలికి వంద గాని రెండు వందలు గాని ఉండాలని చెబుతుంది. నక్షత్రాలు వీటికి అధిదేవతలట. ఆ వర్ణనలో తోలు ఊసు లేదు. ఈనాటికీ దానికి దగ్గరగా ఉన్నవాళ్లు కథక్ నర్తకులే. లావుపాటి నూలుతాడుకు ముడివేసి గుచ్చిన మువ్వలను, సాధారణంగా కాలికి వందకు తగ్గకుండా, చుట్లు చుట్టుకుంటారు. అన్ని మువ్వల్లోంచి ఒక్క మువ్వే పలికినట్టు మోగించడం వాళ్ల విద్యలో ఒక పరీక్ష. కూచిపూడి, భరతనాట్యాలలో తోలుపట్టీ మీద వరుసలుగా కుట్టిన గజ్జెలు వాడతారు. బుర్రకథకులూ ఒగ్గుడోలు కళాకారులూ కూడా గజ్జెలు కడతారు. ఉత్తరప్రదేశ్‌లోని ఎటా జిల్లా జలేసర్ ఘుంఘ్రూల తయారీకి పేరుపడ్డ ఊరు.

ఒక మువ్వను విడిగా అరచేతిలో పెట్టుకుని చూస్తే అది గింజంత గుండ్రని డొల్ల. కింద చీలిక, అదే దాని నోరు. పైన కుట్టడానికి చిన్న కొక్కెం. లోపల ఒక ఇనుప గుండు. గుండు గోడకు తగిలితే లోహం మోగుతుంది, నోరు ఆ మోతను బయటికి వదులుతుంది. పల్చటి రేకుతో చేసినది గలగలమన్నా ఆ చప్పుడులో నిండుదనం ఉండదు. పోతపోసిన మందపాటి మువ్వ బరువుగా ఉంటుంది గాని గుండ్రంగా పలుకుతుంది. కొనేటప్పుడు పట్టీని రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి కుదపాలి. తర్వాత వేలితో ఒక్కొక్క మువ్వనూ కదిపి చూడాలి. గుండు జారిపోయినవీ నోరు నొక్కుకుపోయినవీ అప్పుడే బయటపడతాయి. రెండు కాళ్ల పట్టీలూ ఒకే తీరుగా పలకాలి. చీలిక అంచుమీద వేలు రాసి చూడటం మరవకూడదు, పదునుగా ఉంటే పట్టుబట్ట పోగులు లాగేస్తుంది.

పట్టీకి సాధారణంగా మూడు నుంచి ఐదు వరుసలుంటాయి. చిన్నపిల్లలకు ఐదు వరుసలు కట్టించాలని తల్లిదండ్రులు ముచ్చటపడతారు గాని అది తొందరపాటు. బరువుకు పాదం ఈడ్చడం అలవాటైతే దాన్ని మాన్పించడం గురువుకు పెద్ద పని. అడవులు (నాట్యంలోని మూల అడుగులు) కుదిరేదాకా గజ్జెలే వద్దనే గురువుల మాట సబబైనది. కొలత చూసుకోవడానికి నిలబడటం చాలదు, మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో కూర్చోవాలి. నిటారుగా ఉన్నప్పుడు సరిపోయిన పట్టీ మోకాళ్లు వంచగానే బిగుసుకోవచ్చు. వదులైతే జారి చీలమండ ఎముకను కొట్టి చర్మం ఒలిచేస్తుంది. బకిల్ ఉన్నవి కట్టడం తేలిక. వెల్క్రో పాతబడే కొద్దీ పట్టు వదిలేస్తుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని, కూచిపూడిలో పళ్లెం మీద ఆడే తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీదికి ఎక్కకూడదు.

గజ్జెలకు అసలు శత్రువు చెమట. అందులోని ఉప్పు తోలును బిరుసెక్కిస్తుంది, దారాన్ని కొరికేస్తుంది, ఇత్తడికి పచ్చని చిలుము పట్టిస్తుంది. నాట్యం కాగానే సంచిలో కుక్కేయకుండా, పొడిగుడ్డతో తుడిచి నీడలో గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెడితే తోలు పగులుతుంది. పూజగదిలో ఇత్తడి సామాను తోమినట్టు చింతపండుతో తోమాలనిపిస్తుంది గాని, పట్టీకి కుట్టి ఉన్న గజ్జెల విషయంలో అది పెద్ద పొరపాటు. తోలు నానిపోతుంది, నీరు నోట్లోంచి లోపలికి దిగి ఇనుప గుండు తుప్పుపట్టి గోడకు అతుక్కుంటుంది. అంతటితో ఆ మువ్వ మూగబోతుంది. మెత్తని గుడ్డతో మువ్వ పైభాగాన్ని రుద్దితే చాలు. తోలు ఎండినట్టుంటే వెనకవైపు కొబ్బరినూనె పల్చగా రాయవచ్చు. వానాకాలంలో బూజు పట్టకుండా ప్లాస్టిక్ కవరులో కాక నూలు సంచిలో దాచాలి.

ప్రదర్శనకు ముందురోజు ప్రతి మువ్వనూ మెల్లగా లాగి చూడటం మంచి అలవాటు. వదులైనదాన్ని మైనం పట్టించిన గట్టి దారంతో అప్పుడే కుట్టేయాలి. వేదిక మీద రాలిన ఒక్క మువ్వ మరో నర్తకి ఒట్టి పాదం కింద పడితే గాయం తప్పదు.

తొలి ప్రదర్శనకు ముందు గజ్జెపూజ చేసి గురువు చేతుల మీదుగా అందుకోవడం సంప్రదాయం. కట్టుకునే ముందు కళ్లకద్దుకుంటారు. గజ్జెలతో ఊరికే అటూ ఇటూ తిరగనివ్వరు. అందులో భక్తితో పాటు జాగ్రత్తా ఉంది: అనవసరంగా పడే ప్రతి అడుగూ కుట్టును వదులు చేస్తుంది.

తోలు చిరిగినా మువ్వలు నిలుస్తాయి. కుట్లు విప్పి, చింతపండుతో తోమి పూర్తిగా ఆరబెట్టాలంటే అదే సరైన సమయం. గుండ్లు స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో చూసి కొత్త పట్టీకి కుట్టించుకోవచ్చు. అలా మార్చిన గజ్జెలను కొన్నాళ్లు సాధనలోనే వాడి, కొత్త తోలు కాలి వంపు పట్టాకే వేదికకు తీసుకెళ్లాలి.