రాతిలో పలికిన శ్లేష

ఒకే శబ్దం రెండర్థాలనిస్తే అది శ్లేష అని మన ఆలంకారికులు చెప్పారు. ఆ శ్లేషను నడుమున వ్రేలాడే నగచేత పలికించిన ఘనత ప్రాచీన చీనా దేశానిది. ఆ నగ జేడు రాతితో చేసినది.

జేడు అనగానే పచ్చ గుర్తుకు వస్తుంది కాని, మన నవరత్నాలలోని మరకతం వేరు, ఇది వేరు. ప్రాచీన చీనీయులు ప్రధానంగా వాడినది నెఫ్రైట్ అనే శిల. తెలుపు మొదలు ముదురాకుపచ్చ దాకా పలు వన్నెలలో ఉంటుంది. కంచు ఉలికి లొంగదు. గరుకు ఇసుకను నీటితో కలిపి, ఓపికగా రాచి అరగదీయవలసినదే. క్రీ.పూ. 3300–2300 నడుమ వర్ధిల్లిన లియాంగ్‌జూ సంస్కృతి నాటికే ఈ విద్య పరిణతి చెందింది.

ఇంతటి శ్రమ కోరే రాయి క్రమంగా శీలానికి గుర్తయింది. తగిన కారణం లేనిదే సజ్జనుడు జేడును ఒంటినుండి తీయరాదని ‘లీ జీ’ అనే ఆచారగ్రంథం విధించింది. దాని నునుపును దయతోను, గట్టిదనాన్ని వివేకంతోను పోల్చినట్లు కన్ఫ్యూషియస్ పేర అందులోనే ఉన్నది.

ఇక శ్లేష సంగతి. నిండు వలయాకారపు జేడుకు ‘హువాన్’ అని పేరు. ‘తిరిగివచ్చు’ అనే మాటకూ అదే ఉచ్చారణ. ఒకచోట తెగిన వలయం ‘జ్యుయే’. ‘నిశ్చయించు’, ‘తెగతెంపు చేయు’ అనే అర్థాలు అందులో ధ్వనిస్తాయి. ఒకనితో తెగతెంపులకు జ్యుయేను, వెనుకకు పిలుచుటకు హువాన్‌ను పంపే ఆచారాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దపు తాత్త్వికుడు షున్‌జీ పేర్కొన్నాడు. లేఖ అక్కరలేదు, నగ చాలు.

క్రీ.పూ. 206లో హోంగ్‌మెన్ విందులో ఈ శ్లేషపైనే ఒక ప్రాణం ఆధారపడింది. ఛిన్ సామ్రాజ్యం కూలిన తరుణమది. సేనాని షియాంగ్ యూ తన ప్రత్యర్థి లియు బాంగ్‌తో కలిసి విందులో కూర్చున్నాడు. వృద్ధ మంత్రి ఫాన్ జెంగ్ తన నడుమునున్న జ్యుయేను మూడుమార్లు ఎత్తి చూపాడు. ‘నిశ్చయించు, వీనిని తుదముట్టించు’ అని భావం. ప్రభువు మిన్నకున్నాడు. లియు బాంగ్ నెపం చెప్పి వెలుపలికి వెళ్ళి తప్పించుకొన్నాడు. అతడు కానుకగా విడిచిపోయినవీ జేడు వస్తువులే. షియాంగ్ యూ తనకు వచ్చిన తెల్లని చక్రాల జతను స్వీకరించాడు. ఫాన్ జెంగ్ మాత్రం తన వంతు పాత్రలను కత్తితో పగులగొట్టాడు. ఇదంతా చరిత్రకారుడు సీమా చియెన్ వ్రాసిపెట్టిన కథనం. క్రీ.పూ. 202లో షియాంగ్ యూ ఓడి ఆత్మహత్య చేసుకొన్నాడు. లియు బాంగ్ హాన్ చక్రవర్తి అయ్యాడు.

ఆ లియు బాంగ్ మునిమనుమడు లియు షెంగ్. మాన్‌చెంగ్ వద్ద అతని సమాధిని 1968లో తెరచినప్పుడు, 2498 జేడు పలకలను బంగారు తీగతో కుట్టిన కవచం బయటపడింది. జేడు దేహాన్ని చెడనీయదని ఆనాటి నమ్మకం. కవచం మిగిలింది, దేహం మిగలలేదు. ఇట్టి కవచాలను దొంగలు తగులబెట్టి బంగారు తీగను తీసుకొని పోతున్నారని క్రీ.శ. 222లో వేయ్ చక్రవర్తి త్సావో పీ వాటిని నిషేధించాడు.

సజ్జనుని నడుమున ఒక చిన్న తెగిన వలయం మోసిన అర్థాన్ని, మృతుని ఒంటిని కప్పిన రెండువేల పైచిలుకు పలకలు మోయలేకపోయాయి. జేడు గొప్పతనం పరిమాణంలో లేదు. ధరించినవాడు చెప్పదలచినదీ, ఎదుటివాడు గ్రహించగలిగినదీ కలిస్తేనే దానికి విలువ. మన శ్లేషకు మాత్రం అంతకన్న వేరే గతి ఉన్నదా?