ఎవరి పూలు వాళ్లే కోసుకునే తోట

కొనడానికి వచ్చినవాళ్ల చేతికే కత్తెర, నీళ్లు పోసిన బకెట్ ఇచ్చి తోటలోకి పంపి, కోసుకున్నదానికి డబ్బు తీసుకునే పద్ధతి అమెరికా, ఐరోపా పల్లెల్లో నేడు మామూలు. ‘మీరే కోసుకోండి’ అనే ఈ ఏర్పాటు పుట్టింది మాత్రం పూలకోసం కాదు, పండ్లకోసం. అదీ రైతు గడ్డుకాలంలో.

1930లలో ఆర్థికమాంద్యం ముదిరినప్పుడు అమెరికాలో పండ్ల ధరలు కోత కూలికీ పెట్టెలకీ కూడా సరిపోనంతగా పడిపోయాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాతా ఆ ఇబ్బంది కొందరిని వదల్లేదు. చెట్టున పండు కుళ్లిపోవడం చూడలేని రైతులు కొనేవాళ్లనే తోటలోకి రమ్మన్నారు. కోత కూలి, పెట్టె ఖర్చు, దళారీ వాటా తప్పాయి. కొనేవాళ్లకూ చవకగా దొరికింది. ఇంటింటికీ కారు వచ్చాక పట్నంవాళ్లు సెలవురోజున తోటకు వెళ్లడం అలవాటైంది. రైతు నేరుగా వినియోగదారుకు అమ్ముకోవడాన్ని ప్రోత్సహిస్తూ 1976లో అమెరికా ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది.

పూలు ఈ బాట పట్టడానికి కారణం వేరు. 1967లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి డేవిడ్ చీవర్ అమెరికాకు పూలు పండించి పంపడానికి కొలంబియాలోని బొగోటా పీఠభూమి అనువైనదని తన పరిశోధనలో తేల్చాడు. సముద్రమట్టానికి దాదాపు 2,600 మీటర్ల ఎత్తు, భూమధ్యరేఖకు దగ్గర. ఏడాది పొడవునా చలువ, పగటి వెలుగులో పెద్దగా తేడా ఉండదు. రెండేళ్లలోనే అతడు భాగస్వాములతో కలిసి అక్కడ పూల కంపెనీ పెట్టాడు. 1991లో అమెరికా కొన్ని ఆండీస్ దేశాల పూలతో సహా అనేక సరుకులకు సుంకం ఎత్తేసింది. గులాబీ, కార్నేషన్, చామంతి విమానాల్లో మయామీకి చేరడం పెరిగేకొద్దీ అమెరికా పూలరైతుల గాజుగదులు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ దేశంలో అమ్ముడయ్యే కోతపూలలో దాదాపు 80 శాతం దిగుమతే.

అయితే విమానం ఎక్కలేని పూలు కొన్ని ఉన్నాయి. స్థానిక పూలరైతును నిలబెట్టినవి అవే. డాలియా రేకులు ఒత్తిడికి నలిగిపోతాయి, కోశాక నాలుగైదు రోజులకు మించి నిలవవు. కాస్మోస్ రేకు మరీ పలుచన. జినియాకు సరుకు రవాణా చేసే శీతలపెట్టెల చలి పడదు. దూరదేశపు పోటీ వీటి దాకా రాలేదు. కాబట్టి కావలసినవాళ్లే వీటి దగ్గరికి రావాలి. ఇలాంటి పూలు పండించే రైతులు 1988లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2010 తర్వాత, ఊరిపూలు ఆ ఋతువులోనే కొనాలని డెబ్రా ప్రింజింగ్ వంటి రచయిత్రులు చేసిన ప్రచారం కూడా ఈ తోటలకు కలిసొచ్చింది.

మొక్క స్వభావం కూడా ఈ పద్ధతికి అనుకూలమే. కోయకుండా వదిలేస్తే జినియా, కాస్మోస్ విత్తనం కట్టి పూత తగ్గించేస్తాయి. ఆకుల జంటకు కాస్త పైన కాడ కోస్తే అక్కడినుంచి రెండు కొమ్మలు చిగురిస్తాయి. అంటే కొనేవాళ్ల కోతే తోటకు పని చేసిపెడుతుంది. కోతకూ ఒక నేర్పు ఉంది. ఎండ ముదరకముందే కోయాలి. జినియా కాడను పువ్వుకు జానెడు కింద పట్టుకుని ఊపితే, తల వాలిపోతే పచ్చిది, నిటారుగా నిలిస్తే పక్వానికి వచ్చినది. డాలియా కోశాక పెద్దగా విచ్చుకోదు, కనుక దాదాపు పూర్తిగా విరిశాకే కోయాలి.

జర్మనీలో ఇదే పద్ధతి మరింత నమ్మకంమీద నడుస్తుంది. ఊరిబయట రోడ్డుపక్క పొలంలో గ్లాడియోలస్, పొద్దుతిరుగుడు, డాలియా మళ్లు, ధరల పలక, చిన్న కత్తులు, డబ్బు వేయడానికి ఇనప్పెట్టె ఉంటాయి. మనిషి కాపలా ఉండడు. నెదర్లాండ్స్‌లో 2012 నుంచి జనవరి మూడో శనివారం ఆమ్‌స్టర్‌డామ్‌లో దాదాపు రెండు లక్షల తులిప్‌లతో తాత్కాలిక తోట పరుస్తారు. దుంపతో సహా లాక్కుని ఉచితంగా పట్టుకెళ్లవచ్చు. తులిప్ అమ్మకాల కాలం మొదలైందని చాటే వేడుక అది.

చెలకల్లో, గట్లమీద తంగేడు, గునుగు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చే తెలంగాణకు ఎవరి పూలు వాళ్లే తెచ్చుకోవడం కొత్త కాదు. ఆ పండుగ ఇప్పుడు అనేక అమెరికా నగరాల్లోనూ జరుగుతుంది. తంగేడు ఆ చలికి బతకదు. కానీ బంతి, జినియా, డాలియా అక్కడి వేసవిలో బాగా పూస్తాయి. మూడింటి పుట్టిల్లూ మెక్సికోయే. పండుగ వచ్చేది వాటి పూత చివరి రోజుల్లో. ఉత్తరాది రాష్ట్రాల్లో తొలి గడ్డమంచు పడిన మర్నాటికి ఆ మొక్కలన్నీ నల్లబడిపోతాయి, తోట ఆ ఏటికి మూతపడుతుంది.