పట్టణాల్లో జంతువుల పెంపకం: స్థానిక చట్టాలు

పట్టణంలో ఏ జంతువును పెంచుకోవచ్చు, ఏ షరతులకు లోబడి పెంచుకోవాలి, దానివల్ల హాని జరిగితే జవాబుదారు ఎవరు అనే విషయాలను తేల్చే నిబంధనలు భారతదేశంలో ఒకే చట్టంలో లేవు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పార్లమెంటు చేసినవి. మునిసిపల్ చట్టాలు రాష్ట్రాలవి. లైసెన్సులు, తనిఖీలు స్థానిక సంస్థల పని. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు బందెలదొడ్లను, జంతు హింస నివారణను పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల్లో ఒకే పద్దు కింద చేర్చింది. చెల్లాచెదురుగా కనిపించే ఈ నిబంధనలన్నిటి ఉద్దేశం జంతువును ఊరి నుంచి వెళ్లగొట్టడం కాదు. ప్రతి జంతువుకూ జవాబు చెప్పే మనిషినో సంస్థనో నిలబెట్టడం. ఆ బాధ్యులు తేలిన చోట చట్టం పనిచేస్తుంది, తేలని చోట కాగితానికే పరిమితమవుతుంది.

పశువుల విషయంలో ఈ సూత్రం చాలా పాతది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం చేలో పడిన పశువునూ, రోడ్డు మీద విడిగా తిరిగే పశువునూ బందెలదొడ్డికి తోలవచ్చు. యజమాని జరిమానాతో పాటు మేతకూ నీళ్లకూ అయిన ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే నోటీసు ఇచ్చి, మరో ఏడు రోజులు చూసి వేలం వేస్తారు. ఇది యజమానిని వెతికి రప్పించే పద్ధతి. కానీ నేడు చాలా పట్టణాల్లో పొద్దున్నే పాలు పితికి ఆవును మార్కెట్ వైపు వదిలేస్తున్నారు. అది చెత్తకుండీ దగ్గర కూరగాయల తొక్కులతో పాటు ప్లాస్టిక్ సంచులూ మింగుతుంది. పాలు కావలసినప్పుడు కనిపించే యజమాని, ప్రమాదం జరిగినప్పుడు కనిపించడు.

పెంపుడు కుక్కకు హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో కార్పొరేషన్ లైసెన్సు తీసుకోవాలి, రేబిస్ టీకా వేయించినట్టు పత్రం చూపాలి. లైసెన్సు అంటే ఫీజు వసూలు మాత్రమేనన్న ఆక్షేపణ ఉంది. ఫీజు కట్టించుకుని మరచిపోయే చోట అది నిజమే. అయితే కరిచిన కుక్కకు టీకా పడిందో లేదో చెప్పగలిగేది ఆ రికార్డే. జంతువును నిర్లక్ష్యంగా ఉంచి ఇతరులకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. యజమాని ఎవరో రుజువు కాకపోతే ఆ సెక్షన్ వల్ల ఫలితం ఉండదు. కొన్ని అపార్ట్‌మెంట్ సంఘాలు మెజారిటీ తీర్మానంతో కుక్కలనే నిషేధిస్తుంటాయి. అలాంటి నిషేధం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో చెప్పింది. పక్కింటివారి భయాన్ని తీసిపారేయలేం. దానికి పరిష్కారం నిషేధంలో లేదు, మెడకు పట్టీ, చేతిలో గొలుసు, వేసిన మలాన్ని ఎత్తేసే అలవాటు, సకాలంలో టీకా, వీటిలో ఉంది. పెంచుకున్న కుక్కను ఆకలిదప్పులకు వదిలేయడం 1960 చట్టం కింద నేరమైనా, తొలిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఇంత తేలికైన శిక్షతో బాధ్యత నిలవదు.

వీధికుక్కకు యజమాని లేడు కాబట్టి చట్టం ఆ స్థానంలో స్థానిక సంస్థను నిలబెట్టింది. 2001 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, గుర్తుగా చెవి కొసను కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. ఎందుకు వదలాలి, ఊరవతలికి తరలించవచ్చు కదా అన్నది బలమైన ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయాక ఆ ప్రశ్నను ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు. కానీ చెత్త, తిండి దొరికే వీధి ఖాళీగా ఉండదు. టీకా పడిన కుక్కలు పోతే టీకా లేనివి చేరతాయి. రేబిస్‌ను అడ్డుకోవాలంటే కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టు 22న, రేబిస్ సోకినవీ దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలాలని ఆదేశించింది. నవంబరు 7న మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తొలగించినవాటిని తిరిగి అక్కడ వదలరాదంది. పిల్లల భద్రత ముందు నిలిచే చోట ఈ మినహాయింపు సబబే. అయితే తొలగించిన కుక్కలకు షెల్టర్లు కట్టకపోతే సమస్య పక్క వీధికి మారుతుంది, అంతే.

కొన్ని జంతువుల విషయంలో లైసెన్సు ప్రసక్తే లేదు. మన రామచిలుకనూ, నక్షత్ర తాబేలునూ ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం కింద నేరం. అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) పరిధిలోని విదేశీ జాతులను పెంచేవారు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇన్ని నియమాలున్నా ఊరు సురక్షితంగా ఉండేది మునిసిపాలిటీ రిజిస్టరు నిజం చెప్పినప్పుడే. జంతువును ఇంటికి తెచ్చుకునే ప్రతివారూ ముందు దాని పేరుతో పాటు తమ పేరూ నమోదు చేయించుకోవాలి. కార్పొరేషన్లు ఆ నమోదును ఆదాయ వనరుగా కాక ప్రజారోగ్య రికార్డుగా నిర్వహించాలి.