మీలియస్ వీధిలో గంటన్నర

ఫ్రాంక్‌ఫర్ట్, 1886 నవంబరు. మీలియస్ వీధిలో 32వ నంబరు ఇల్లు. తలుపు తీసింది పెద్ద కూతురు మారీ. కోటు విప్పి లోపలికి నడవండి, చప్పుడు చెయ్యకండి. పాఠం మొదలైపోయింది. గోడవార కుర్చీల్లో ఇద్దరు విద్యార్థులు ఒళ్లో స్వరపుస్తకాలు పెట్టుకుని తమ వంతు కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ల పక్కన మీకూ చోటుంది.

పియానోకి దగ్గరగా, నల్లటి దుస్తుల్లో, తల మీద లేసు గుడ్డతో కూర్చున్నావిడే క్లారా షూమన్. అరవై ఏడేళ్లు. లైప్‌జిగ్‌లోని గెవాండ్‌హౌస్ సంగీత సభా భవనంలో మొదటిసారి వేదికెక్కినప్పుడు తొమ్మిదేళ్లు. పక్కన బల్ల మీద అచ్చుకాగితాల దొంతర చూశారా? స్వరకర్త అయిన భర్త రాబర్ట్ రచనలన్నిటినీ బ్రైట్‌కాఫ్ ప్రచురణ సంస్థ కోసం ఆవిడే పరిష్కరిస్తున్నారు. 1881లో మొదలైన ఆ పని ఇంకా తెమల్లేదు.

ఇప్పుడు వాయిస్తున్న అమ్మాయి ఇంగ్లండు నుంచి వచ్చింది. నిన్న మొన్నటిదాకా మారీ దగ్గరే సాధన. కూతుళ్ల చేతుల్లో కొంతకాలం సానపడితే గానీ తల్లి దగ్గరికి రానివ్వరు. రాబర్ట్ 1838లో రాసిన ‘బాల్య దృశ్యాలు’లోంచి ‘ట్రాయ్‌మెరై’ ఎత్తుకుంది. ముందు ఒక స్వరం, దాని పైన ఇంకొకటి, ఆ తర్వాత రెండు చేతులూ కలిసి పలికే స్వరాల గుంపు, అంటే కార్డ్. అక్కడే ఆపించేశారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది కదా, ఆవిడకి ఆ ఒక్క కార్డ్ చాలు.

అమ్మాయి చేతులు బెత్తెడు ఎత్తు నుంచి పియానో మెట్ల మీద పడ్డాయి. చప్పుడొచ్చింది, నాదం రాలేదు. ఆవిడ ముందుకు జరిగి తన వేళ్లను మొదట మెట్ల మీద ఆనించారు. ఒక క్షణం అలాగే ఉంచి, అప్పుడు నొక్కారు. కొట్టలేదు, నొక్కారు. మణికట్టు బిగుసుకోలేదు. అదే పియానో, అవే స్వరాలు. కానీ ఈసారి అడుగున ఉన్న స్వరం, మధ్యలో ఇరుక్కున్న స్వరం, పైది, వేటికవి వినబడుతున్నాయి. అమ్మాయి మళ్లీ ప్రయత్నించింది. ఊహూఁ. మళ్లీ. ఈసారి భుజాలు దిగాయి, నాదం కాస్త విచ్చుకుంది. మెప్పు మాట రాలేదు గానీ తర్వాతి వరసకి వెళ్లనిచ్చారు. వాయిస్తూ వాయిస్తూ వేగం పెంచిందో, మళ్లీ ఆపుతారు. వేళ్ల చురుకు చూపించుకోవడానికి స్వరాలను పరిగెత్తించడం ఈ ఇంట్లో కుదరదు.

ఈ పాఠం హాఖ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలది. 1878లో అది తెరిచినప్పుడు పియానో నేర్పడానికి రమ్మని ఆవిణ్ణి అడిగారు. ఒప్పుకున్నారు, కానీ తన షరతుల మీద: రోజుకి గంటన్నర మాత్రమే, అదీ సొంత ఇంట్లో, కచేరీలకు వెళ్లాల్సి వస్తే సెలవు. మన వైపు గురువు ఇంటికే శిష్యుడు వెళ్లడం వింతేమీ కాదు. ఒక జర్మన్ కళాశాల చేత, తక్కిన ఆచార్యులంతా మగవాళ్లే అయిన చోట, ఒక స్త్రీ ఈ షరతులు ఒప్పించుకోవడం మాత్రం మామూలు విషయం కాదు. అది గొప్పకు పోవడం అని నేననుకోను. తన పనికి విలువెంతో ఆవిడకి బాగా తెలుసు. తెలియక తప్పలేదు కూడా.

రాబర్ట్‌ని పెళ్లాడడానికి ఆవిడ తన తండ్రితోనే కోర్టులో పోరాడాల్సి వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు. 1854 ఫిబ్రవరిలో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. బతికించి తెచ్చి మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ఆఖరి బిడ్డ జూన్‌లో పుట్టాడు. అక్టోబరుకల్లా ఆవిడ మళ్లీ ఊరూరా కచేరీలు చేస్తున్నారు. రెండేళ్లకు రాబర్ట్ పోయాడు. ఇప్పుడేమో కొడుకు ఫెర్డినాండ్ మార్ఫిన్‌కు బానిస. అతని పిల్లల భారమూ ఆవిడ మీదే పడుతోంది. షూమన్ భార్య, స్వరకర్త బ్రామ్స్ స్నేహితురాలు అని రాసేవాళ్లు ఈ ఇంటి ఖర్చెవరిదో రాయడం మరిచిపోతారు.

ఇక్కణ్ణుంచి 1891 మార్చి 12కి రండి. ఊరదే, చోటు వేరు. వేదిక మీద రెండు పియానోలు. ఒకదాని ముందు డెబ్బై ఒకటేళ్ల క్లారా, రెండోదాని ముందు కన్సర్వేటరీ సహాధ్యాపకుడు జేమ్స్ క్వాస్ట్. బ్రామ్స్ రాసిన ‘హైడన్ వేరియేషన్స్’. కొంతకాలంగా ఆవిడకి వినికిడి సరిగా లేదు, స్వరాలు చెవిలో కలగాపులగమవుతున్నాయి. చేతులను బాధించే నొప్పి సరేసరి. ముందు వరసల్లో కూర్చున్న శిష్యుల కళ్లు ఆవిడ ముఖం మీద లేవు, మణికట్ల మీద ఉన్నాయి. ముగింపు భాగంలో అడుగున ఒకే చిన్న వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంది, దాని మీద తక్కినదంతా పెరుగుతూ పోతుంది. రెండు పియానోలూ గొంతెత్తే చోట చూడండి: వేళ్లు మెట్లను వదిలి పైకి లేవడం లేదు.

సభల్లో వాయించడం ఆ రోజుతో సరి. పాఠాలు మాత్రం 1892 దాకా నడిచాయి.